పేగు ఆపరేషన్‌కు ముందు రాత్రి, తర్వాతి ఆరు వారాలు: శస్త్రచికిత్స విభాగాలకు బహిరంగ లేఖ

పేగు శస్త్రచికిత్స నిపుణులకు, ఉదరకోశ వైద్యులకు, ఆసుపత్రుల పాలనాధికారులకు

నమస్కారం.

పేగులో మంట, పుండ్లు తెచ్చే క్రోన్స్ వ్యాధితోనూ అల్సరేటివ్ కొలైటిస్‌తోనూ బతుకుతున్నవాళ్లం, వాళ్లకు స్టోమా (మలం బ్యాగులోకి వచ్చేలా పేగును పొట్ట మీద తెరిచిన దారి) సంరక్షణ నేర్పేవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఈ విషయాలే ఇదివరకు విభాగాధిపతులకు కాగితం మీద ఇచ్చాం, గుర్తుచేస్తూ మళ్లీ రాశాం. చేరిందన్న సంతకం తప్ప జవాబు లేదు. అందుకని ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాం.

థియేటర్ లోపల మీరు చేసే పని మీద మాకు ఫిర్యాదు లేదు. చిల్లు పడబోతున్న పెద్దపేగును అర్ధరాత్రి తీసి ప్రాణం నిలబెట్టేది మీరే. మా బాధంతా ఆ తలుపుకు బయటి సంగతుల గురించి: ఆపరేషన్ మాట ఎప్పుడు చెబుతున్నారు, స్టోమాకు గుర్తు ఎక్కడ పెడుతున్నారు, ఇంటికి పంపేటప్పుడు మనిషి చేతిలో ఏం పెడుతున్నారు.

పాలనాధికారుల కోసం ముందు ఒక్క మాట. కొలైటిస్ మలాశయం దగ్గర మొదలై పెద్దపేగులో పైకి పాకుతుంది, పేగు లోపలి పొరలోనే ఉంటుంది. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా వస్తుంది, మధ్యమధ్య బాగున్న పేగును వదిలేస్తూ, పేగు గోడ మొత్తాన్నీ తినేస్తుంది. పేగు ఇరుకైపోవడం, చీముగడ్డలు, ఫిస్టులాలు (పేగు నుంచి పక్క అవయవానికో చర్మానికో పడే దారులు) అందుకే. కొలైటిస్‌లో పెద్దపేగూ మలాశయమూ పూర్తిగా తీసేస్తే ఆ పేగులో జబ్బు ఉండదు. క్రోన్స్‌లో పాడైనంత వరకే కోయాలి, ఎందుకంటే జబ్బు తిరిగి రావడానికి ఇష్టపడే చోటు సరిగ్గా కుట్టు వేసిన చోటే. ఈ రెండు జబ్బులకూ కలిపి ఐబీడీ అని పేరు. పేర్లు కలిసినంత మాత్రాన ఐబీఎస్‌కూ (పుండ్లు లేకుండా పేగు పనితీరు గాడితప్పే సమస్య) దీనికీ సంబంధం లేదు. ఈ తేడా తెలియని రిసెప్షన్ కౌంటర్లో "గ్యాస్ట్రిక్ కదా, వచ్చే వారం రండి" అనిపించుకున్న రక్తవిరేచనాల రోగులు చాలామందే ఉన్నారు.

1. ఆపరేషన్ మాట మూడో రోజుకల్లా చెప్పండి.

రోజుకు ఆరు, అంతకు మించి రక్తంతో విరేచనాలు. వాటికి తోడు నాడి నిమిషానికి 90 దాటడమో, జ్వరం 37.8 డిగ్రీల సెల్సియస్ దాటడమో, హిమోగ్లోబిన్ 10.5 కంటే పడిపోవడమో, ఒంట్లో మంటను చూపే రక్తపరీక్ష ఈఎస్‌ఆర్ 30 దాటడమో ఉంటే అది తీవ్రమైన కొలైటిస్ అని ట్రూలవ్, విట్స్ అనే వైద్యులు 1955లోనే చెప్పారు. అలాంటి మనిషిని చేర్చుకుని నరం ద్వారా స్టెరాయిడ్ మొదలుపెడతారు. అక్కడిదాకా బాగానే ఉంది. మూడో రోజు ఆగి లెక్క చూసుకోవాలి. విరేచనాలు రోజుకు ఎనిమిది దాటుతున్నా, మూడు నుంచి ఎనిమిది మధ్య ఉండి మంటను చూపే ఇంకో రక్తపరీక్ష సీఆర్‌పీ 45 పైన ఉన్నా, ఆసుపత్రిలో ఉన్న ఆ విడతలోనే పెద్దపేగు తీయాల్సి వచ్చే అవకాశం 85 శాతమని 1996లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు చూపించారు. అది ఇన్‌ఫ్లిక్సిమాబ్ (పేగు మంటను అణిచే మందు) వాడుకలోకి రాకముందు లెక్క. శాతం మారి ఉండొచ్చు, మూడో రోజు ఆగి చూడాలన్న నియమం మారలేదు.

జరుగుతున్నది వేరు. మూడో రోజు "ఇంకో రెండు రోజులు చూద్దాం" అంటారు. ఐదో రోజు ఇంకో మందు, ఎనిమిదో రోజు మరో మందు. ఎక్స్‌రేలో పేగు 5.5 సెంటీమీటర్లు దాటి ఉబ్బాక సర్జన్‌కు కబురు వెళ్తుంది. అప్పటికి రోగి తిండి లేక, రక్తం పోయి, స్టెరాయిడ్‌తో కండ కరిగి ఉంటాడు. రాత్రి పదకొండింటికి ఎప్పుడూ చూడని డాక్టర్ వచ్చి "పొద్దున్నే పేగు తీసేస్తున్నాం, బ్యాగు పెడతాం, ఇక్కడ సంతకం" అంటే అది సమ్మతి ఎలా అవుతుంది?

మేం కోరేది: తీవ్ర కొలైటిస్‌తో చేరిన ప్రతి ఒక్కరినీ మొదటి రోజో రెండో రోజో సర్జన్, స్టోమా నర్సు కలిసి పలకరించాలి. ఆపరేషన్ ఖాయమని చెప్పడానికి కాదు, అవసరమైన రోజున ముఖం తెలిసిన మనిషి ఎదురుగా ఉండటానికి. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా కోసం మలపరీక్ష, సైటోమెగలో వైరస్ కోసం పేగు ముక్క పరీక్ష చేరిన వెంటనే పంపాలి. ఈ రెంటిలో ఏదున్నా మందుల లెక్కే మారిపోతుంది.

ఇంకొకటి, "ఆపరేషన్ ఆఖరి మార్గం" అన్న మాట మానుకోండి. చిన్నపేగు చివర 40 సెంటీమీటర్ల లోపే జబ్బున్న క్రోన్స్ రోగులు 143 మందిలో, ఆ ముక్కను లాప్రోస్కోపీతో తీసేయడాన్నీ ఇన్‌ఫ్లిక్సిమాబ్‌నూ పోల్చిన లిరిక్ అధ్యయనం 2017లో వచ్చింది. ఏడాది తర్వాత జీవన నాణ్యతలో ఆపరేషన్ ఏమాత్రం వెనకబడలేదు. దాన్ని ఓటమిలా వినిపించినందువల్లే జనం చీముగడ్డ కట్టేదాకా ఇంట్లో కూర్చుంటున్నారు.

2. స్టెరాయిడ్, బరువు: కత్తి పట్టేముందు ఈ రెండూ చూడండి.

రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువ ప్రెడ్నిసొలోన్ ఆరు వారాలకు మించి వాడిన ఒంట్లో కుట్టు సరిగా మానదు. అతికించిన పేగు లీకై పొట్టలో చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. ముందుగా అనుకున్న ఆపరేషన్ అయితే మోతాదు తగ్గించుకుంటూ రావడానికి వారాల వ్యవధి దొరుకుతుంది. ఆ తగ్గింపు తేదీలతో సహా కాగితం మీద రాసివ్వండి. నోటితో "మెల్లగా తగ్గించుకోండి" అంటే ఒకరు నాలుగు రోజుల్లో మానేస్తారు, ఇంకొకరు నాలుగు నెలలు మింగుతారు. ఉన్నట్టుండి మానేసినవాళ్లకు ఒంట్లో సొంత స్టెరాయిడ్ తయారీ అప్పటికే మందగించి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోతుంది. అందుకే ఆపరేషన్ రోజున హైడ్రోకార్టిసోన్ (ఇదీ స్టెరాయిడే) ఎంత ఇవ్వాలో మత్తు డాక్టర్ చీటీలో ముందే ఉండాలి.

ఆరు నెలల్లో పది శాతానికి మించి బరువు తగ్గినవాళ్లకు వీలైతే ఒకటి రెండు వారాలు పోషకాహార ద్రవాలు పట్టించాక ఆపరేషన్ పెట్టుకోవడం మేలు. దీనికి ముందు ఆ మనిషిని తూచాలి కదా. వార్డులో బరువు కాటా మూలన పడి ఉంటుంది, కేసు షీటులో బరువు గడి ఖాళీగా ఉంటుంది. చీముగడ్డ ఉంటే స్కాన్ సాయంతో ముందు గొట్టం వేసి చీము తీయాలి. రక్తహీనతకు ఐరన్ నరం ద్వారా ఎక్కించాలి, వాచిన పేగు మాత్రలను సరిగా పీల్చుకోదు. వ్యవధి లేదు, మనిషి నీరసించి ఉన్నాడు, స్టెరాయిడ్ ఎక్కువగా ఉంది అంటే ఆ రోజు పేగు అతికించకుండా స్టోమా పెట్టడమే క్షేమం. మీకు తెలియని సంగతి కాదు. రోగికి ఆ కారణం చెప్పడం లేదు. చెప్పకపోతే "అతికించడం చేతకాక బ్యాగు పెట్టారు" అనుకుంటూ ఇంటికి వెళ్తాడు.

3. స్టోమా గుర్తు థియేటర్ బల్ల మీద పెట్టకండి.

ఈ లేఖలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

పడుకున్న మనిషి పొట్ట చదునుగా ఉంటుంది. అదే మనిషి కూర్చుంటే బొడ్డు కింద మడత పడుతుంది, వంగితే ఇంకో మడత. మత్తులో పడుకోబెట్టి "ఇక్కడ బాగుంది" అని పెట్టిన స్టోమా, కూర్చోగానే ఆ మడతలోకి జారిపోతుంది. బేస్‌ప్లేట్ (బ్యాగును చర్మానికి అంటించే పలక) ఆ గుంటలో అతుక్కోదు. చిన్నపేగు నుంచి వచ్చేది నీళ్లలాంటి ద్రవం, అందులో అన్నం అరిగించే ఎంజైములు అలాగే ఉంటాయి. అది చర్మం మీదికి చేరితే చర్మాన్నీ అరిగిస్తుంది. గంటల్లో ఎర్రబడుతుంది, ఒకటి రెండు రోజుల్లో పచ్చిపుండు. పుండు నుంచి రసి కారుతుంటే తర్వాతి ప్లేటు అసలే అంటుకోదు. అప్పటినుంచి ఆ మనిషి బతుకు రాత్రి రెండింటికి దుప్పట్లు మార్చుకోవడం దగ్గర ఆగిపోతుంది. ఉద్యోగం మానేసినవాళ్లు మానేసింది జబ్బు వల్ల కాదు, ఈ లీకు వల్ల.

గుర్తు పెట్టే పద్ధతి అరగంట పని. బొడ్డు, పాత కోత మచ్చలు, తుంటి ఎముక, పక్కటెముకల అంచు, నడుముకు బట్ట కట్టే గీత, వీటన్నిటికీ ఎడంగా, ప్లేటు పూర్తిగా పరచుకునేంత చదునైన చోటు వెతకాలి. పడుకున్నప్పుడు తల కొంచెం ఎత్తమంటే పొట్ట మధ్య నిలువుగా సాగే కండరం చేతికి తగులుతుంది. గుర్తు ఆ కండరం మీదే పడాలి. తర్వాత కూర్చోబెట్టాలి, వంగమనాలి, నిలబెట్టాలి, రోజూ వేసుకునే బట్టల్లో చూడాలి. చక్రాల కుర్చీలో ఉండేవారికి ఆ కుర్చీలోనే. అన్నిటికంటే ముఖ్యం, ఆ చోటు రోగి కంటికి కనబడాలి, చెయ్యి అందాలి. పొట్ట ముందుకున్నవారికి బొడ్డు కింద పెడితే తన స్టోమా తనకే కనబడదు. వారికి గుర్తు పైన ఉండాలి. ఒక చోటు కుదరకపోతే ఇంకొకటి ఉండేలా రెండు గుర్తులు. చెరగని ఇంకుతో పెట్టి, పైన పారదర్శకమైన ప్లాస్టర్ వేస్తే స్నానం చేసినా నిలుస్తుంది.

రెండో సంగతి ఎత్తు. పేగు కొసను చొక్కా చేతి అంచు మడిచినట్టు బయటికి మడిచి కుట్టే పద్ధతి 1952లో బ్రూక్ అనే సర్జన్ చెప్పింది. ఇలియోస్టమీ (చిన్నపేగుతో పెట్టిన స్టోమా) చర్మానికి పైన రెండు, రెండున్నర సెంటీమీటర్లు ముక్కులా నిలబడితే ద్రవం నేరుగా బ్యాగులో పడుతుంది. చర్మానికి సమంగా ఉంటే ద్రవం ప్లేటు అడుగుకు పాకుతుంది. ఆ పద్ధతి వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా చర్మానికి సమంగా కుట్టిన ఇలియోస్టమీలు మా కంట పడుతూనే ఉన్నాయి. వాపు వల్లో పేగు కురచగా ఉండటం వల్లో కొన్నిసార్లు తప్పదని ఒప్పుకుంటాం. అలాంటప్పుడు గుంటలో నొక్కుకునే ఉబ్బెత్తు ప్లేటు, బెల్టు వార్డు నుంచే ఇచ్చి పంపాలి. నెల తర్వాత పుండుతో వచ్చినప్పుడు కాదు.

మేం కోరేది: ముందే అనుకున్న ఆపరేషనైనా, అర్ధరాత్రి అత్యవసరమైనా, గుర్తు లేకుండా థియేటర్‌లోకి తీసుకెళ్లకూడదు. థియేటర్ చెక్‌లిస్టులో "గుర్తు పెట్టారా, ఎవరు పెట్టారు" అనే గడి చేర్చండి. రాత్రి డ్యూటీలో స్టోమా నర్సు ఉండరన్నది కారణం కాకూడదు. డ్యూటీ సర్జన్లందరికీ ఈ అరగంట పని నేర్పవచ్చు.

4. నీళ్లు బాగా తాగమని చెప్పి ఇంటికి పంపకండి.

ఇలియోస్టమీ అయినవాళ్లు మొదటి వారాల్లోనే మళ్లీ ఆసుపత్రికి రావడానికి పెద్ద కారణం ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గిపోవడం. స్టోమా కుదుటపడ్డాక రోజుకు 500 నుంచి 800 మిల్లీలీటర్లు వస్తుంది. లీటరున్నర దాటితే ప్రమాదం. అప్పుడు విపరీతమైన దాహం వేస్తుంది. మంచినీళ్లు తాగుతారు, బ్యాగు ఇంకా నిండుతుంది, దాహం ఇంకా పెరుగుతుంది. కారణం సులువైనదే. ఉప్పు లేని నీళ్లు చిన్నపేగు పై భాగంలోకి చేరగానే రక్తంలోని సోడియం పేగులోకి కారుతుంది, నీళ్లను వెంటబెట్టుకుని బ్యాగులోకి పోతుంది. తాగినకొద్దీ ఎండిపోవడమంటే ఇదే. ఇది తెలియని అత్యవసర విభాగంలో "వాంతులు విరేచనాలు, నీళ్లు బాగా తాగండి" అని రాసి పంపేస్తే మూడో రోజుకు కిడ్నీలు దెబ్బతిని తిరిగొస్తారు.

ప్రతి డిశ్చార్జి కాగితం మీద ఇది ఉండాలని కోరుతున్నాం. లీటరు నీళ్లలో 20 గ్రాముల గ్లూకోజ్ పొడి, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల సోడియం బైకార్బొనేట్. 5 మిల్లీలీటర్ల చెంచాతో ఆరు సమం చెంచాల గ్లూకోజ్, ఒక సమం చెంచా ఉప్పు, బైకార్బొనేట్ 2.5 మిల్లీలీటర్ల చెంచాతో తలగొట్టకుండా ఒకటి. లీటరుకు సుమారు 90 మిల్లీమోల్స్ సోడియం వస్తుంది. రోజంతా గుక్కెడు గుక్కెడు తాగాలి, చల్లబరిస్తే నోటికి పడుతుంది. ఉప్పు లేని ద్రవాలు ఏవైనా ఆ రోజుల్లో లీటరు దాటకూడదు. భోజనానికి అరగంట ముందు పేగు వేగం తగ్గించే లోపెరమైడ్, డాక్టర్ చెప్పిన మోతాదులో. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఈ లెక్క వేరుగా రాసివ్వాలి. సోడియం, క్రియాటినిన్, మెగ్నీషియం రక్తపరీక్ష ఇంటికెళ్లిన మొదటి వారంలోనే జరగాలి. మూత్రంలో సోడియం లీటరుకు 20 మిల్లీమోల్స్ కంటే తగ్గితే, రక్తంలో సోడియం బాగున్నట్టు కనబడినా ఒంట్లో ఉప్పు అయిపోయిందని అర్థం.

అలాగే, బ్యాగు మార్చడం తన చేత్తో కనీసం రెండుసార్లు చేయనిదే ఎవరినీ పంపకండి. నర్సు చేస్తుంటే చూడటం లెక్కలోకి రాదు. ప్లేటు మీద రంధ్రం స్టోమా కంటే రెండు మూడు మిల్లీమీటర్లే పెద్దగా కత్తిరించాలి. స్టోమా వాపు ఆరు నుంచి ఎనిమిది వారాలపాటు తగ్గుతూ ఉంటుంది కాబట్టి వారానికోసారి కొలిచి రంధ్రం చిన్నది చేసుకోవాలి. ఆసుపత్రిలో ఇచ్చిన కొలతతోనే రెండు నెలలు కత్తిరించుకుంటూ చర్మం ఒరిసిపోయినవాళ్లు లెక్కలేనంతమంది; వాళ్లకు ఆ ఒక్క వాక్యం ఎవరూ చెప్పలేదు. మూడో వంతు నిండగానే బ్యాగు ఖాళీ చేయాలి, బరువెక్కితే ప్లేటు ఊడుతుంది. చుట్టూ చర్మానికి మంచినీళ్లు చాలు, నూనె ఉన్న సబ్బు వద్దు.

నాలుగైదు గంటలుగా ఏమీ రాకుండా పొట్ట మెలిపెట్టి ఉబ్బితే అది అడ్డంకి. మొక్కజొన్న, పుట్టగొడుగులు, గట్టి గింజలు సరిగా నమలకపోతే తొలి వారాల్లో ఇలా అవుతుంది. వాంతి మొదలైతే వెంటనే రావాలి. నెమ్మదిగా కరిగే మాత్రలు, పైపూత ఉన్న మాత్రలు కరగకుండానే బ్యాగులో పడొచ్చు. మందుల చీటీని ఫార్మసిస్టు ఒకసారి ఈ కంటితో చూస్తే చాలు.

5. రక్తం గడ్డకట్టడం. మంటతో ఉన్న పేగు కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డల ప్రమాదాన్ని రెండు మూడు రెట్లు పెంచుతుంది. పొట్ట ఆపరేషన్ దానికి తోడు. గడ్డకట్టకుండా ఆపే హెపారిన్ సూది వార్డులో మానేయడానికి "రక్తవిరేచనాలు అవుతున్నాయిగా" అన్నది సాధారణంగా కారణం కాదు. పెద్ద ఆపరేషన్ తర్వాత నాలుగు వారాల వరకు ఇంట్లో కొనసాగించాలో లేదో ప్రతి కాగితం మీద ఒక వాక్యం ఉండాలి.

6. ఎంత కోశారో కాదు, ఎంత మిగిలిందో రాయండి.

ఆపరేషన్ నోట్‌లో "60 సెంటీమీటర్లు తీశాం" అని ఉంటుంది. క్రోన్స్ మనిషికి పదేళ్ల తర్వాత అక్కరకొచ్చే అంకె మిగిలిన చిన్నపేగు పొడవు. అది 200 సెంటీమీటర్ల కంటే తగ్గితే పోషణ కథే వేరు. చిన్నపేగు చివర 20 సెంటీమీటర్లకు మించి పోతే బీ12 లోపం రావచ్చు. ఏడాదికోసారి చూడాలని, అవసరమైతే సూది జీవితాంతమని చెప్పాలి. అదే చివరి భాగం పైత్యరసంలోని ఆమ్లాలను తిరిగి పీల్చుకునే చోటు కూడా. అది పోయాక ఆ ఆమ్లాలు పెద్దపేగులోకి దిగి నీళ్ల విరేచనాలు తెప్పిస్తాయి. దాన్ని జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ స్టెరాయిడ్ మొదలుపెట్టిన కేసులు మా ఎదురుగా ఉన్నాయి. అక్కడ కావాల్సింది ఆ ఆమ్లాలను పట్టి ఉంచే కొలెస్టిరమైన్ పొడి.

ఆపరేషన్ తర్వాత ఆరు నుంచి పన్నెండు నెలల్లోపు కొలనోస్కోపీ తేదీ డిశ్చార్జి రోజే ఇవ్వండి. కుట్టు దగ్గర జబ్బు లక్షణాలకంటే ముందే కనబడుతుంది. పొగ మానని క్రోన్స్ రోగికి జబ్బు తిరగబెట్టే అవకాశం దాదాపు రెట్టింపని కూడా అదే కాగితం మీద పెద్ద అక్షరాల్లో రాయండి. పెద్దపేగు తీసి మలాశయం మిగిల్చినవారికి కింద నుంచి జిగురు పడుతూనే ఉంటుందనీ, ఆ మిగిలిన ముక్కకు క్యాన్సర్ తనిఖీ కావాలనీ ముందే చెప్పండి. బ్యాగు పెట్టాక కూడా విరేచనానికి వెళ్లాలనిపిస్తే పిచ్చెక్కుతోందేమోనని భయపడేవాళ్లున్నారు.

7. అడగలేని ప్రశ్నలకు మీరే నోరు తెరవండి.

జె-పౌచ్ అంటే పెద్దపేగు, మలాశయం తీశాక చిన్నపేగు చివరను సంచిలా కుట్టి మలద్వారానికి కలపడం. ఇది 1978లో పార్క్స్, నికల్స్ అనే సర్జన్లు చెప్పిన పద్ధతి నుంచి వచ్చింది. "బ్యాగు తీసేస్తాం, మామూలు మనిషివి అవుతావు" అని దాన్ని అమ్మకండి. పౌచ్‌తో రోజుకు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వెళ్లాల్సి ఉంటుంది, రాత్రి ఒకసారైనా లేవాల్సి రావచ్చు. పౌచ్ వాపు సగం మందికి దగ్గరదగ్గరగా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కటి లోపల చేసే ఈ ఆపరేషన్ వల్ల, ముఖ్యంగా పొట్ట తెరిచి చేసినప్పుడు, ఆడవాళ్లకు గర్భం రావడం కష్టం కావచ్చు. మగవాళ్లకు నరాలు దెబ్బతిని అంగస్తంభన, వీర్యస్ఖలనం ఇబ్బంది కావచ్చు. ఇరవై రెండేళ్ల మనిషి అమ్మానాన్నల ముందు ఇవి అడగలేరు. ఇంటివాళ్లను పది నిమిషాలు బయట కూర్చోబెట్టి మీరే చెప్పాలి. పిల్లలు కావాలనుకునేవారికి పౌచ్‌ను కొన్నాళ్లు వాయిదా వేసి స్టోమాతో ఉండటం కూడా ఒక దారి. ఆ దారి ఉందని తెలిసే హక్కు వారిది. పౌచ్ వద్దనుకుని బ్యాగుతోనే ఉండిపోతామన్నవారిని ఒప్పించే ప్రయత్నం చేయకండి.

ఈ ఏడింటిలో కొత్త యంత్రం అడిగింది ఒక్కటీ లేదు. పాలనాధికారులను విడిగా అడుగుతున్నవి మూడు. ప్రతి పేగు శస్త్రచికిత్స విభాగానికీ శిక్షణ పొందిన స్టోమా నర్సు ఉండాలి. డిశ్చార్జి తర్వాత ఆరు వారాలపాటు పగలూ రాత్రీ ఎత్తే ఫోన్ నంబరు ఒకటి ఉండాలి. ఎత్తిన మనిషికి లీటరున్నర అంటే ఏమిటో తెలిసి ఉండాలి. ఏటా ప్రతి విభాగం మూడు అంకెలు ప్రకటించాలి: ఎంతమందికి ముందే గుర్తు పెట్టారు, 30 రోజుల్లో నీరూ ఉప్పూ తగ్గి తిరిగి చేరినవారు ఎందరు, తీవ్ర కొలైటిస్‌లో చేరిన ఎన్నో రోజున సర్జన్ రోగిని చూశారు.

ముప్పై రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం. ఏ అంశం ఎప్పటినుంచి అమలవుతుంది, ఏది కుదరదు, కుదరకపోతే ఎందుకు అన్నది అంశాల వారీగా రాయండి. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు పంపేటట్టయితే, పరిశీలిస్తున్నది ఎవరో వారి హోదా కూడా రాయండి.

ఇట్లు,
క్రోన్స్, కొలైటిస్‌లతో బతుకుతున్నవాళ్లు, వారికి తోడుండేవాళ్లు